బదిలీ మనిషి చేసిన కసరత్తు

1998 జూన్‌లో మేడ్చల్ పారిశ్రామికవాడలోని ఒక మాత్రల కంపెనీలో వెల్ఫేర్ ఆఫీసరుగా చేరాను. మాత్రలు తయారయ్యేది వేరేచోట. మా దగ్గర వాటిని రేకు పట్టీల్లో బిగించి, అట్టపెట్టెల్లో సర్ది లారీలకెక్కించేవాళ్లు. లైన్ల మీద నిలబడి పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. రావల్‌కోల్ నుంచి, కీసర వైపు ఊళ్లనుంచి కంపెనీ బస్సులో వచ్చేవారు.

వెల్ఫేర్ ఆఫీసరంటే ఏం పని చేస్తారని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఇంతమందికి మించి పనివాళ్లుంటే అలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలని చట్టం. క్యాంటీన్లో ఇడ్లీ రాయిలా ఉన్నా, విశ్రాంతి గదిలో ఫ్యాను తిరగకపోయినా, పసిపిల్లల గదిలో ఉయ్యాల తాడు తెగినా జవాబు చెప్పుకోవాల్సింది నేనే. యాజమాన్యం నన్ను కార్మికుల మనిషంటుంది, కార్మికులు యాజమాన్యం మనిషంటారు. మాది తెనాలి వైపు, ఇల్లు పేట్ బషీరాబాద్‌లో కొత్తగా వెలిసిన కాలనీలో. నాకు నోరు కొంచెం పెద్దది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎలాగూ ముందు ముందు తెలుస్తుంది.

నేను చేరిన రెండేళ్లకు, ఒక వానాకాలం, ఏటా జరిగే వైద్య పరీక్షలు వచ్చాయి. మా డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చే మనిషి, ముక్తసరి. ఒక్కొక్కరి కార్డు మీద మూడింటిలో ఒక మాట రాసేవారు: ఫిట్, అన్‌ఫిట్, లేదా తాత్కాలికంగా అన్‌ఫిట్. ఈ మూడోది పడితే మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే లైను మీదినుంచి తీసి గోడౌన్లో కూర్చుని చేసే పనికి మార్చేస్తారు. ఆ ఏడు ఈ మూడోది పడినవాళ్లలో సత్తెమ్మ ఉంది.

సత్తెమ్మది రావల్‌కోల్. నలభై అయిదేళ్లు దాటిన మనిషి, రెండో నంబరు లైనుకి లీడరు. లైన్లో అందరికీ తెల్ల టోపీ, లీడరుకి మాత్రం నీలం టోపీ. ఆ టోపీని ఆమె ఇంటికి తీసుకుపోయి ఉతికి, మడత నలగకుండా స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చుకునేది. గోడౌన్ పనికి టోపీ ఉండదు. బీపీ ఎక్కువుంది, బరువు తగ్గాలి, రోజూ మాత్ర వేసుకోవాలి, ఒంటికి కసరత్తు కావాలి అని డాక్టరుగారు చెప్పి పంపాక ఆమె నేరుగా నా గదికొచ్చింది.

"బీపీ ఉంటే ఉండనీయుండ్రి మేడం. టోపీ తీస్తే మాత్రం నేను ఊర్ల మొఖం సూపియ్య" అంది.

అంత పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకు గుండె తరుక్కుపోయింది. పైగా అప్పుడే మా కాలనీలో యోగా నేర్చుకుంటున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిన ప్రతివాళ్ల చేతా ఆసనాలు వేయించాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది. బస్సు ఏడుంబావుకి వస్తుంది, షిఫ్టు ఎనిమిదికి మొదలవుతుంది. ఆ మధ్య అరగంట క్యాంటీన్లో బల్లలు పక్కకు జరిపించి యోగా పెట్టాను.

రెండు వారాలు నడిచింది. నడిచింది అనడం నా గొప్ప కోసమే. వాళ్లు తెల్లారగట్ల నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, గేదె పాలు పిండి, వంటచేసి బస్సెక్కిన మనుషులు. శవాసనం వేయించిన మొదటిరోజు ముప్ఫైమందీ గుర్రుపెట్టి నిద్రపోయారు. షిఫ్టు సైరన్ మోగినా లేవలేదు. మర్నాడు ఆ ఆసనం పేరు అడిగి తెలుసుకున్న సత్తెమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "బతికుండంగనే పీన్గు లెక్క పండుమంటరేంది మేడం? మొగోళ్లింటే ఏమనుకుంటరు?" అంది. పేరు మార్చి 'పండుకునే ఆసనం' అన్నాం. ఆ ఒక్కదానికే అందరూ హాజరు. తక్కిన ఆసనాల దగ్గర పన్నెండో రోజుకి ముగ్గురు మిగిలారు, అందులో ఒకదాన్ని నేనే.

యోగాతో డాన్సు కలిపితే నిలబడతారేమో అనిపించింది. మా కాలనీలో పద్మజ అని ఒక అమ్మాయి పాటలకి ఒళ్లు వంచే డాన్సు వ్యాయామం నేర్పేది. టేప్ రికార్డరు చంకన పెట్టుకుని వచ్చింది. సూపర్‌వైజర్లు అద్దాల్లోంచి చూస్తున్నారని మావాళ్లు కొంగులో మొహాలు దాచుకున్నారు. అద్దాలకి పాత అట్టపెట్టెలు అడ్డం పెట్టించాను. అప్పుడు ఎవరో గుండ్రంగా నిలబడదామన్నారు. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు, ఒక అడుగు పక్కకి. అది వాళ్లకి పుట్టుకతో వచ్చిన ఆట. బతుకమ్మ పాటలు మాత్రం పండక్కే పాడాలని పెద్దవాళ్లు పాడనివ్వలేదు. సరే, పనిలోని లెక్కకే రాగం కట్టుకున్నారు. "పది గోలీలకొక్క పట్టి, పది పట్టీలకొక్క డబ్బ" అని ఒకరందుకుంటే, "డబ్బలోన డబ్బ పెట్టు, లారి రాకముందె పెట్టు" అని తక్కినవాళ్లు. పద్మజ తన టేప్ రికార్డరు కట్టేసి వాళ్లతో కలిసింది.

రోజూ వచ్చేట్టు చేయడానికి పందెం ఒకటి పెట్టాను. దీక్షంటే మాట తప్పరని నలభై ఒక్క పనిరోజులన్నాను. కార్మికులు గేటు దగ్గర హాజరుకి ఇత్తడి టోకెన్ వేసే పద్ధతి మాది. దాన్నే క్యాంటీన్‌కీ తెచ్చాను. బోర్డు మీద మేకులు కొట్టించి, వచ్చినవాళ్లు తమ టోకెన్ తగిలించాలని, ఒక్కరోజూ నాగా లేనివాళ్లకి పెద్ద స్టీలు బిందె బహుమతని చెప్పాను. పద్మజ ఆట నడిపేది. నేను నా గదిలో కాగితాలు చూసుకుని, ఎనిమిదికి పదినిమిషాల ముందు వచ్చి టోకెన్లు లెక్కపెట్టుకుని పోయేదాన్ని.

బోర్డు ఏ రోజు చూసినా నిండుగానే ఉంది! నా ఆనందం ఇంతా అంతా కాదు. రంగు పెన్సిళ్లతో చార్టు గీసి పర్సనెల్ మేనేజరు బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని చూసి, మీరు ఇడ్లీ సంగతి కూడా ఇంత బాగా చూస్తే బావుణ్నన్నారు. నా ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఆయనకి అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.

ఇరవై ఏడో రోజున డిస్పెన్సరీలో అందరి బరువులు తూయించాను. సత్తెమ్మ టోకెన్ నంబరు నూట పద్నాలుగు, ఒక్క నాగా లేదు. బరువు చూస్తే కిలో పెరిగింది! ముందు త్రాసుని అనుమానించాను. దాని మీద పదికిలోల పెట్టె పెడితే కచ్చితంగా పదే చూపించింది. పద్మజని పిలిచి, నూట పద్నాలుగు ఎలా చేస్తోందని అడిగాను.

"ఆవిడా? అందరికంటే చురుకు మేడం. నా వయసే ఉంటుంది" అంది.

పద్మజకి ఇరవై రెండేళ్లు.

మర్నాడు ఏడుంబావుకే క్యాంటీన్ తలుపు దగ్గర కాపు కాశాను. నూట పద్నాలుగు టోకెన్ తగిలించింది సత్తెమ్మ కోడలు సుజాత. ఆ పిల్ల మా దగ్గరే బదిలీ వర్కరు. అంటే ఉద్యోగం పర్మనెంటు కాదు, ఎవరైనా రాని రోజున వాళ్ల స్థానంలో పనిచేస్తుంది. అందుకోసం రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర వేచి ఉంటుంది. ఆ రోజు దాని చేతిలో నూట పద్నాలుగు ఒక్కటే లేదు, ఇంకో ఇద్దరివి కూడా ఉన్నాయి. ముగ్గురి కసరత్తూ అదొక్కతే చేస్తోందన్నమాట. ఈనెపుల్లలా ఉన్న పిల్ల మరింత ఈనెపుల్లయింది.

సత్తెమ్మ ఎక్కడని అరిచాను. ప్యాకింగ్ హాల్లో ఉందన్నారు. వెళ్లి చూద్దును కదా, బెల్టు కింద మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వేసి వెతుకుతోంది. దాన్ని మా పనిలో లైన్ క్లియరెన్స్ అంటారు. కొత్త సరుకు ఎక్కించేముందు పాత సరుకులోది ఒక్క మాత్ర, ఒక్క రేకు ముక్క కూడా లైన్లో మిగల్లేదని చూసి లీడరు సంతకం పెట్టాలి. ఒక మందు పట్టీలో ఇంకో మందు పడితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పలేం.

నేను నోటికి వచ్చినట్టల్లా కేకలేశాను. మోసమన్నాను, దొంగ హాజరన్నాను. ఆమె తాపీగా లేచి, మోకాళ్లు దులుపుకుని, నావంక జాలిగా చూసింది.

"దొంగతనమేందుంది మేడం గిండ్ల? ఎనిమిదింటికి లైన్ నడవాల్నంటే నేను గీడ ఉండాలె. గందుకని గాడికి నా మనిషిని తోలిన. నాట్లప్పుడు నాకు పానం బాగలేకుంటె మా యారాలు నా బదులు వొయ్యి నాటేస్తది. మీ కంపెనీల గుడ గంతే గద? పని ఆగలే, నాగా కాలే."

"నాటు వేరు, ఒళ్లు వేరు! అది గెంతితే నీ బీపీ ఎలా తగ్గుతుంది?"

"అత్తకోడండ్లం ఒక్కింట్ల ఉంటిమి. ఎవలది తగ్గితే ఏంది?" అంది. నవ్వుతోందో నిజంగానే అంటోందో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పుడే నాకో అనుమానం వచ్చింది. డాక్టరిచ్చిన మాత్రలు కూడా కోడలి చేతే మింగించావా అని అడిగాను. సత్తెమ్మ చెంపలేసుకుంది. "అయ్యో, గవ్వి నేనే మింగుతున్న మేడం! నేను గంత పాపిష్టిదాన్నా?"

గదికొచ్చి కూర్చున్నాక కోపం పోయి సిగ్గు మిగిలింది. బదిలీ పద్ధతి మేం నేర్పిందే. టోకెన్ పడితే చాలు, మనిషి వచ్చినట్టేనని చెప్పింది నేనే. ఆమె ఆ పూట ఏ పని వదిలి క్యాంటీన్‌కి రావాలో ఒక్కసారి కూడా అడగలేదు. టోపీ పోతుందన్న భయంతోనే ఆమె లైను దగ్గర ఉండిపోయింది, అలా ఉండిపోతేనే టోపీ పోతుంది. పందెంలో మిగిలింది పధ్నాలుగు రోజులు, మళ్లీ పరీక్షకి నెల పైచిలుకు.

పర్సనెల్ మేనేజరుకి నోటు రాశాను. లీడరు కసరత్తుకి వెళ్లే అరగంటా బదిలీ వర్కరు సుజాత లైను వెతుకుతుంది, తర్వాత సత్తెమ్మ తిరిగొచ్చి చూసుకుని సంతకం పెడుతుంది అని. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది సత్తెమ్మే. "పోరి చేతుల వెడితే రేపు టోపీ గుడ దాని నెత్తికే వోతది" అని రెండు రోజులు బిగదీసుకుంది. మూడోరోజు సుజాతే వెళ్లి, "అత్తమ్మా, నా కాళ్లు గుంజుతున్నయి. ముగ్గురి ఎగురుడు నాతోని గాదు" అని చెప్పేసరికి దిగొచ్చింది.

మొదటిరోజు సుజాత బెల్టు అంచు సందులో ఇరుక్కున్న అర మాత్ర ఒకటి పట్టుకుంది. అంతకు ముందురోజు అక్కడ వెతికింది సత్తెమ్మే. కోడలు ఆ ముక్కని కాగితం మీద పెట్టి ఆమెకి చూపించింది. మర్నాడు క్యాంటీన్లో ఆమె తొక్కిన తొక్కుడుకి పళ్లాలు గలగలలాడాయి. ఆ రోజునుంచి పరీక్ష నాటిదాకా పాట అందుకునేది ఆమే. మిగతావాళ్ల అడుగు తప్పితే వీపు మీద ఒకటి చరిచేది. కూరలో ఉప్పు తగ్గించింది, మామిడి తొక్కు జాడీని ఇంట్లో అందరి చేతికీ అందనంత ఎత్తున అటక మీద పెట్టిందట. నా యోగా వారాలన్నీ కలిపినా రాని పట్టుదల ఆ అర మాత్ర తెచ్చింది.

మళ్లీ పరీక్ష రోజున డిస్పెన్సరీ బయట బెంచీల మీద అందరూ వరసగా కూర్చున్నారు. బదిలీవాళ్లకీ ఆ రోజే పరీక్ష. నర్సు "నూట పద్నాలుగు" అని పిలిచింది. ఇద్దరు లేచారు. సుజాత అలవాటు కొద్దీ రెండడుగులు వేసేసింది కూడా. సత్తెమ్మ దాని రెక్క పట్టుకుని బెంచీ మీద కూలేసి, "ఇయ్యాల నేనే వోవాలె" అని లోపలికి నడిచింది. బయట ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు.

డాక్టరుగారు ఒకసారి బీపీ చూసి, పది నిమిషాలు కూర్చోమన్నారు. రెండోసారి చూస్తే దిగింది. బరువు మొదటికంటే రెండు కిలోలు తక్కువుంది. కార్డు మీద ఫిట్ అని రాసి, మాత్ర ఆపొద్దు, మూడు నెలలకి మళ్లీ రావాలి అన్నారు. సత్తెమ్మ గోడకున్న అద్దంలో చూసుకుని టోపీ సర్దుకుంది. ఆమెతోపాటు నేనూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

స్టీలు బిందెలు పంచేటప్పుడు నూట పద్నాలుగో నంబరు బిందె దగ్గర పేచీ వచ్చింది. టోకెన్ లెక్క ప్రకారం అది సత్తెమ్మది, చెమట లెక్క ప్రకారం సుజాతది. నేను సుజాతకిచ్చాను. సత్తెమ్మ ఏమంటుందోనని చూస్తే, బిందె తన నడుమున పెట్టుకుని బస్సువైపు నడుస్తూ, "యాడికి వోతది మేడం? మా ఇంటికే గద" అంది. మరుసటి ఏడాది మూడో లైను పెట్టినప్పుడు లైను వెతకడం వచ్చిన మనిషి కావాలంటే సుజాత పేరు ముందుకొచ్చింది. ఆ ఇంట్లో రెండు నీలం టోపీలయ్యాయి.

ఆ తర్వాత పదేళ్లకి పైగా ఉద్యోగంలో ఉన్నాను. ఎన్నో శిబిరాలు పెట్టాను, మళ్లీ ఎక్కడా టోకెన్ బోర్డు పెట్టలేదు. ఎవరినైనా కసరత్తుకి పిలిచేముందు, నువ్వు ఇక్కడికొస్తే అక్కడ నీ పని ఎవరు చూస్తారని అడిగేదాన్ని. దానికి జవాబు దొరికినవాళ్లు నలభై ఒక్క రోజులూ తామే వచ్చారు. దొరకనివాళ్లు ఎవరినో ఒకరిని పంపించారు.