చెక్క ఇటుకల గడి

మా మామను గడి ముందరి స్తంభానికి కట్టేసి కొట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. హైదరాబాదులో గోడలకు సున్నాలు, రంగులు వేసే మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు. మాకు గొర్లే జీవనం. మా ఊరు ఆత్మకూరు నుంచి పొద్దెక్కకముందు బయలుదేరితే ఎండ ముదరక ముందే చేరేటంత దూరం. ఊరి నడుమ పటేలు గడి, కోటలాంటి మేడ, ఉండేది. నిజాం పోయాడని, రాజ్యం మారిందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు గాని, గడి ముందుకు వచ్చేసరికి ఎంతటివాడైనా చెప్పులు చేతిలో పట్టుకోవలసిందే, సైకిలుంటే దిగి నడిపించుకుంటూ పోవలసిందే.

మామకు ఆ సంగతి తెలియక కాదు. ఆత్మకూరులో బస్సు దిగి, తెలిసినవాళ్ల సైకిలు అడిగి తెచ్చుకున్నాడు. వెనక క్యారియరు మీద ఒక చెక్కపెట్టె కట్టుకున్నాడు. నేను ఊరి బయట ఎదురొచ్చాను. గతుకుల దారిలో తాడు వదులై పెట్టె ఒక పక్కకు ఒరిగిపోతోంది. దిగితే పడిపోయేదే.

"ఎన్కకెల్లి పట్టుకో బిడ్డా, జారుతాంది," అన్నాడు.

నేను రెండు చేతులతో పెట్టెను పట్టుకుని సైకిలు వెంట ఉరికాను. అట్లాగే గడి ముందు నుంచి పోతున్నాం. సగం దాటామో లేదో, పటేలు మనుషులు వచ్చి మామను మెడ పట్టి కిందికి లాగారు. పెట్టె పడి మూత ఊడింది. లోపలివన్నీ దుమ్ములో చెల్లాచెదురయ్యాయి. చిన్న చిన్న చెక్క ఇటుకలు, ఆకుపచ్చవి, పసుపువి, నీలివి. అంతవరకు నేను అట్లాంటివి చూసి ఎరుగను.

మామను స్తంభానికి కట్టారు. పటేలు అరుగు మీద కూర్చున్నాడు.

"పట్నం గాలి మస్తు తగిలినట్టుంది. కిందికి దిగనీకి కాళ్లు లేవా?"

"పెట్టె పడిపోతదని దిగలే దొరా."

"పెట్టె పెద్దదా, నేను పెద్దోన్నా?"

మామ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే అంతటితో పోయేదని ఊళ్లోవాళ్లు తర్వాత అన్నారు. చింత బరిగెలు విరిగేదాకా కొట్టారు. బరిగెలు అయిపోయాక కాళ్లతో తన్నారు. తల పగిలి నెత్తురు చెంప మీదుగా కారి, తెల్లగా సున్నం వేసిన స్తంభం మీదికి దిగింది. నేను దుమ్ములో పాకుతూ ఇటుకలు ఏరుతున్నాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఇంకొకటి ఏరి పెట్టెలో వేశాను. ఒక ఇటుక మామ కాళ్ల దగ్గర ఉంటే, ఇద్దరు మనుషుల నడుమ నుంచి చెయ్యి పోనిచ్చి దాన్ని కూడా తీసుకున్నాను.

బాపు అని నేను పిలిచే మా నాన్న ఉరికొచ్చి పటేలు కాళ్ల మీద పడ్డాడు. "నీ బాంచెన్ దొరా, పిల్లగాడు, తెల్వక చేసిండు." అప్పుడు విప్పారు. బాపు మామను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

పక్కటెముకలు విరిగాయి. కట్లు కట్టే ముసలాయన వచ్చి మినుముల పిండి, కోడిగుడ్డు సొన కలిపి పట్టువేసి, అమ్మ పాత చీర చింపి గట్టిగా చుట్టి, కదలొద్దని చెప్పిపోయాడు. మామ వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. దగ్గు వస్తే కళ్లనిండా నీళ్లు తిరిగేవి.

పెట్టె ఆయన మంచం పక్కనే పెట్టాను. పట్నంలో ఎవరో సాహెబు బంగళా ఖాళీ చేస్తూ పారేస్తుంటే నాకోసం అడిగి తెచ్చాడట. ఇటుకలే కాక మూడు మూలల చెక్కలు, దర్వాజ మీద పెట్టే వంపు చెక్కలు కూడా ఉన్నాయి. మూత లోపల ఒక బొమ్మ అతికించి ఉంది. నిట్టనిలువు కప్పున్న ఇల్లు, దాని మీద తెల్లగా ఏదో పోసినట్టు ఉంది.

"గిదేంది మామా, కప్పు మీద?"

"సున్నం కావచ్చు."

"ఇండ్ల మీదికెల్లి సున్నం పోస్తరా?"

మామ నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు. "గీ ఇల్లు మనకెందుకు గాని, రంగులన్ని గీకేద్దాం. మన తీరు ఏసుకుందాం. నువ్వేం కడ్తవో చెప్పు."

నేను గడి కడతానన్నాను. మేడ ఉన్న ఇల్లు నాకు తెలిసింది అదొక్కటే. మామ మంచం పట్టెను చేత్తో పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"కడ్దాం. ఉన్నదున్నట్టు కడ్దాం. ఒక్కటి తక్కువ కావద్దు."

సీసా పెంకుతో ఒక్కొక్క ఇటుక రంగు గీకాం. తుమ్మబంక నీళ్లలో మరగబెట్టి పలచగా చేసి, దాంట్లో రంగు కలపడం మామ నేర్పాడు. గోడలకు సున్నం. అడుగున పట్టీకి జాజు అనే ఎర్రమట్టి, గొర్ల మీద గుర్తు పెట్టడానికి మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. కిటికీలకు బట్టలకు పెట్టే నీలిమందు. తలుపులకు దీపం మసి. మొదటి పూత ఎండాకనే రెండోది వేయాలి, లేకపోతే పెచ్చులూడుతుందనేవాడు. తక్కువైన ముక్కలు బాపు తుమ్మ కొమ్మతో చెక్కి ఇచ్చాడు. బురుజు కోసం ఒక మొద్దు ముక్కను గుండ్రంగా చేశాడు. కిరసనాయిల్ డబ్బా రేకు కోసి కిటికీలు పెట్టాం. గడి పెద్ద దర్వాజకు ఇనుప మేకులు పొడుచుకుని ఉండేవి. వాటి బదులు తుమ్మ ముండ్ల మొనలు విరిచి గుచ్చాను. నేను పోయి గడిని చూసొచ్చి చెప్పేదాన్ని, మామ ఆ తీరున దిద్దేవాడు. మంచి బట్ట, మంచి తిండి లేని ఇంట్లో మంచి పని చేసుకుంటూ కూర్చున్నాం. ఆ రోజులు నాకు సంతోషంగానే గుర్తున్నాయి.

స్తంభాల వంతు వచ్చింది. ఒకదానికి తెల్లగా సున్నం వేశాను. రెండోదానికి సున్నం వేశాక, పైనుంచి కింది దాకా ఎర్రటి చార దింపాలి. జాజు పెట్టి చూస్తే మట్టి రంగులో ఉంది, నెత్తురులాగా లేదు. వంటింట్లోంచి పసుపు తెచ్చి సున్నంలో కలిపాను. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి అట్లాగే కదా చేస్తారు. ఎర్రగా వచ్చింది. గడ్డిపోచతో తీసి, నేను చూసినచోట చూసినట్టు దింపాను.

అమ్మ చూసింది. చేతిలో చేట కింద పెట్టేసింది.

"కడిగెయ్. ఎవడన్న చూస్తె కొంప మునుగుతది."

"ఉండనియ్ అక్కా," అన్నాడు మామ. "ఆడ ఉన్నదే పెట్టింది."

"ఉన్నది పెడితె ఊకుంటరా?"

అమ్మే తడిబట్ట తెచ్చి రుద్దింది. గీకిన చెక్క కాబట్టి రంగు లోపలికి ఇంకిపోయింది. రుద్దిన కొద్దీ అది పక్కలకు పాకింది. స్తంభమంతా ఎర్రగా అయింది. మళ్లీ సున్నం వేయాలని అనుకుంటూ ఉండగానే పటేలు మనిషి గొర్రెపిల్ల కోసం వచ్చాడు. గడిలో చుట్టాలు వస్తే మా మందలోంచి ఒకదాన్ని తోలుకుపోవడం మామూలే. వాకిట్లోకి వచ్చి నిలబడి ఆ బొమ్మనే చూశాడు. గొర్రెపిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు.

"దొర ఆ గడిని తెమ్మంటుండు. చేసిన పోరిని గూడ."

అప్పటికి అమ్మ మంద దగ్గరికి పోయింది. బాపు గడి కట్టిన చెక్క పలకను నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. నేను వెనక. మామ మంచం మీంచి లేవబోతే, వద్దని బాపు చెయ్యి ఊపాడు.

పటేలు అరుగు మీద ఉన్నాడు. బాపు పలక దించగానే ఆయన వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను అనుకున్నట్టు కోపంగా లేడు. బురుజు తీసి చూశాడు. దర్వాజ ముండ్లను వేలితో తాకాడు. లోపలి ఆడవాళ్లను పిలిచి, చూడమని చూపించాడు.

"గీ పక్క కిటికి తక్కువైంది గదనే."

"లేదు దొరా. అది పోయినేడు మూసిండ్రు," అన్నాను.

ఆయన నవ్వాడు. నిజంగానే మూశారు. నాకు భయం పోయింది. అప్పుడు ఆయన వేలు స్తంభం మీద ఆగింది. అసలు స్తంభం వైపు తిరిగి చూశాడు. దానికి అప్పటికే కొత్తగా సున్నం వేయించారు.

"గిదేంది?"

"జాజు దొరా," అన్నాడు బాపు. "గొర్లకు పెట్టేది అంటుకుంది."

"జాజు గిట్లుండదు. నువ్వు చెప్పు పోరీ."

"అది మా మామ నెత్తురు," అన్నాను.

బాపు నా నోరు మూశాడు. అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

పటేలు చేతిలో బురుజు ఇంకా ఉంది. తుమ్మ మొద్దు అది, రాయంత గట్టిది. దానితో బాపు చెవి మీద కొట్టాడు. బాపు గడి మీదే పడ్డాడు. ఇటుకలు కింద నలిగి గోడలు కూలాయి. పడ్డవాణ్ని వంగి మళ్లీ అదే చోట కొట్టాడు. చెవిలోంచి నెత్తురు వచ్చింది. నేను ఎగిరి పటేలు ముంజేతిని కరిచి పట్టుకున్నాను. విదిలించినా వదల్లేదు. ఎవరిదో కాలు నా దవడకు తగిలింది. నోట్లో పళ్లు ఊడాయి. నేను బోర్లా పడి చూస్తుంటే ఆయన మళ్లీ చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి కిందికి దిగకముందే మా అమ్మ వచ్చింది. ఎవరో మంద దగ్గరికి పోయి చెప్పారట. గొర్లకు కొమ్మలు కొట్టే పొడుగుకర్ర గొడ్డలి చేతిలో ఉంది. అరవలేదు, తిట్టలేదు. నేరుగా నడిచి వచ్చి ఎత్తి కొట్టింది. గొడ్డలి వెనక పక్క పటేలు మణికట్టు మీద పడింది. ఎండిన కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. బురుజు దొర్లుకుంటూ మెట్ల కిందికి పోయింది.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అట్లా ఒక మనిషి చెయ్యడం వాళ్లెవరూ చూసి ఉండరు. తర్వాత అందరూ కలిసి అమ్మ మీద పడ్డారు. జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చారు. కట్టెలతో కొట్టారు. ఇంటి నుంచి గోడలు పట్టుకుంటూ వచ్చిన మామ అప్పటికి అక్కడికి చేరాడు. కొట్టేవాళ్లను ఆపే సత్తువ లేదు. అమ్మ మీద బోర్లా పడుకున్నాడు. ఆ పట్టు వేసిన పక్కల మీదే దెబ్బలన్నీ కాచుకున్నాడు. "కొట్టుండ్రి," అన్నాడు ఒక్కసారి. మళ్లీ మాట్లాడలేదు.

మామను ఎడ్ల బండిలో వేసి ఆత్మకూరు తీసుకుపోయి, అక్కడి నుంచి బస్సులో మహబూబ్‌నగర్ దవాఖానకు చేర్చారు. విరిగిన ఎముక లోపలికి దిగిందని డాక్టరు చెప్పాడు. మామ అక్కడే చనిపోయాడు. శవాన్ని తెచ్చేటప్పటికి అమ్మను పోలీసులు తీసుకుపోయారు. తమ్ముణ్ని చూడనివ్వలేదు.

ఆ తెల్లారి గడి పనికి ఒక్కరూ పోలేదు. ఎవరూ చాటింపు వేయలేదు, సంఘం పెట్టలేదు. మా గొల్లవాళ్లు పోలేదు, వాళ్లను చూసి మిగతావాళ్లు పోలేదు. పటేలు గొర్లు దొడ్లోనే నీళ్లు లేక అరుస్తుంటే ఊరంతా వింటూ కూర్చుంది. చివరికి తలకు కట్టుతో మా బాపే పోయి దొడ్డి తీసి వాటిని వాగుకు తోలాడు. ఊళ్లోవాళ్లు కోప్పడ్డారు. "గొర్లేం చేసినయి," అన్నాడు. ఎడమ చెవి ఆయనకు మళ్లీ వినిపించలేదు.

మామ చావు మీద కేసు నిలబడలేదు. అంతకుముందే దెబ్బలున్నాయని, సైకిలు మీంచి పడ్డాడని సాక్ష్యాలు వచ్చాయి. అమ్మ కేసు నిలబడింది. మా వకీలు మంచివాడు. చంపాలనే ఉద్దేశం ఉంటే పదును వైపు కొట్టేది కదా, గొడ్డలిని తిప్పి కొట్టిందంటేనే ప్రాణం తీయాలని లేదని తెలుస్తోంది, మొగుణ్ని కాపాడుకోవాలనుకుంది అంతే అని వాదించాడు. అందుకే శిక్ష తగ్గిందన్నారు. అయినా నేను పైట వేసుకునే వయసు వచ్చేదాకా అమ్మ జైల్లోనే ఉంది. బాపు మంద అమ్మేసి, నన్ను తీసుకుని మహబూబ్‌నగర్ చేరి, కట్టెల అడితిలో పనికి కుదిరాడు. పటేలుకు మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో అన్నం కలుపుకోవడం కూడా కష్టమైందని వినేవాళ్లం.

అమ్మ చేసిన దాన్ని మా చుట్టాలంతా గొప్పగా చెప్పుకునేవారు. అంత కోపంలో కూడా గొడ్డలి తిప్పింది చూడు, ఎంత నిబ్బరం అనేవారు. నేను కూడా అట్లాగే అనుకున్నాను. నల్గొండకు కోడలిగా పోయాక, అక్కడ అత్తగారికి కూడా అట్లాగే చెప్పాను.

నా మొదటి కాన్పుకు అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో కంకులు నూరుస్తోంది. జైలు నుంచి వచ్చినాక ఆ సంగతి తనంతట తాను ఎప్పుడూ ఎత్తలేదు. నేనే అడిగాను.

"అమ్మా, అంత కోపంల గొడ్డలి తిప్పాలని నీకెట్ల తోచింది?"

అమ్మ చేతులు ఆపలేదు.

"నేను తిప్పలే బిడ్డా. చేతిల ఎట్లుంటె అట్ల కొట్టిన. పదును దిక్కే ఉందనుకున్న."

"మరి ఇన్నేండ్లు చెప్పలే."

"వకీలు అట్ల చెప్తుంటె విన్న. చెప్పుకోనీ అనుకున్న," అంది. కంకుల పొట్టును నోటితో ఊది, గింజలు చేటలోకి ఎత్తుకుంది. "మణికట్టు మీద గాదు, మెడ మీద కొట్టాల్నని పోయిన. చెయ్యి అడ్డమొచ్చింది."