గంటకు రెండు పడులు

మా వదిన హనుమంతమ్మ గురించి ముదిగుబ్బలో ఎవరినడిగినా మొదట ఆమె చేతుల వేగం గురించే చెప్తారు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్తారు. చెప్పేవాళ్లకు తెలిసింది సగమే. నేను ఆమె ఆడబిడ్డను, ఆమె పక్కనే కూర్చుని కాయలు ఒలిచినదాన్ని, కాబట్టి మొత్తం నేనే చెప్తాను.

డెబ్బైల చివరి మాట. వాన పడేలోగా వేరుశనగ విత్తనం సిద్ధం కావాలి. మిషన్‌లో వేస్తే పప్పు పగులుతుంది, పొట్టు లేస్తుంది, అది భూమిలో మొలవదు. అందుకని ఎండాకాలమంతా షావుకారు గంగాధరప్ప రేకుల షెడ్డులో ఆడవాళ్లం వరసగా కూర్చుని శనక్కాయలు చేత్తో ఒలిచేవాళ్లం. కాయల మీద నీళ్లు చిలకరించి, బొటనవేలితో కాయ ముక్కు నొక్కితే టప్పుమని విడుతుంది. ఒలిచిన పప్పు పడితో కొలిచి, పడికి ఇంత అని కూలి. పొద్దుగూకేసరికి బొటనవేళ్లు పచ్చిపుండ్లయ్యేవి.

పని మొదలుపెట్టే రోజు షెడ్డులో ఒక పందెం జరిగేది. టెంకాయ కొట్టాక అందరి ముందూ సమానంగా కుప్పలు పోసేవాళ్లు. తన కుప్ప అందరికన్నా ముందు ఒలిచినామెకు షావుకారి భార్య బొట్టు పెట్టి రవికెగుడ్డ ఇచ్చేది. ఏటా అది మా వదినకే. ఒంటి మీద రవికె చిరిగినా సరే, ఆ గుడ్డలు కుట్టించుకునేది కాదు, పెట్టెలో దొంతర పెట్టుకునేది.

"ఏం వదినా, నీ చేతులకు దిష్టి తీయాల్నా?" అని నేను ఎగతాళి చేస్తే, "ముందు నీ నాలుకకు తియ్యాలమ్మీ" అనేది. మహా గొప్ప ఆమెకు. ఉండదా మరి? మా అన్న సంపాదన అంతంత మాత్రం, పొలం బీడు. చెప్పుకోవడానికి ఆమెకున్నవి ఆ రెండు చేతులే.

ఒక ఏడు అనంతపురం నుంచి లేబర్ ఆఫీసరు వచ్చాడు. కూలి పడి లెక్కన ఇచ్చినా సరే, ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి సర్కారు కట్టిన దినకూలి దక్కాలని చట్టమట. అలా దక్కాలంటే గంటకు ఒక మనిషి ఎన్ని పడులు ఒలుస్తుందో చూసి, దాన్నిబట్టి పడికి ధర కట్టాలి. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు మాకు చెప్పలేదు.

షావుకారు జిత్తులమారి నక్క. పళ్లెంలో పసుపు కుంకుమ, ఎర్ర రవికెగుడ్డ పెట్టించి తెచ్చాడు. "హనుమంతమ్మా, సారు గడియారం పెట్టుకోని చూస్తాండాడు. మన షెడ్డు మర్యాద నీ చేతుల్లో ఉండాది" అన్నాడు.

ఇంకేముంది, పందెమే అనుకుంది. కొంగు నడుముకు చెక్కి కూర్చుంది. గంటసేపు తల ఎత్తలేదు, గుక్కెడు నీళ్లు తాగలేదు. మేమంతా చుట్టూ చేరి "కానియ్, కానియ్" అని అరిచాం. కొలిచి చూస్తే రెండు పడులు! మాలో మంచి పనిమంతురాలు కూడా గంటకు ఒక పడి ఒలిస్తే గొప్ప. వేలి నుంచి కారే నెత్తురు కొంగుకు తుడుచుకుని, ఆమె నవ్వుతూ ఆఫీసరు వైపు చూసింది. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

శనివారం కూలి చేతికొచ్చినప్పుడు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాం. పడి ధర ముందుకన్నా తగ్గింది. పొద్దుకు పదహారు పడులు ఒలిస్తేనే సర్కారు కూలి అట. ఇదేం అన్యాయమని అడిగితే షావుకారు చేతులు దులుపుకున్నాడు. "నన్నేమడుగుతారమ్మా? గంటకు రెండు పడులు ఒలిచింది మీ మనిషే కదా!"

అందరూ తిరిగి మా వదినను చూశారు. "పేలికగుడ్డకు ఆశపడి అందరి కడుపులు కొట్టె" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఆమె మొహం నల్లగా మాడిపోయింది. ఇంకా ఘోరం వినండి, ఆ పదహారు పడులు ఆమెకూ సాధ్యం కాలేదు. గంట పరుగెత్తినట్టు పొద్దంతా పరుగెత్తగలమా?

ఆ తర్వాత ఆమె నలుగురిలోకి రావడం మానేసింది. షెడ్డులో మూటల చాటున కూర్చునేది, సద్ది ఒక్కతే తినేది. ఎవరైనా గట్టిగా నవ్వితే తన గురించేననుకుని వంచిన తల ఎత్తేది కాదు. "నాకు సిగ్గయితాంది అమ్మీ, ఈ చేతులు చూసుకుంటే సిగ్గయితాంది" అని నాతో చాలాసార్లు అంది. పోనీలే వదినా అనడానికి నాకు నోరు రాలేదు, నా కడుపూ కాలుతూనే ఉంది.

అందరికన్నా దెబ్బ తిన్నది మా పక్కింటి తిరుపాలమ్మ. మొగుడు పోయి, మనవరాలిని సాకుతున్న ముసలామె. వేళ్లు కొంకర్లు పోయాయి, గంటకు అరపడి ఒలవడం కష్టం. ఆ చేతులు ఎవరూ చూడకూడదని గోడవైపు తిరిగి కూర్చునేది, లేస్తే కొంగు కింద దాచుకునేది. మా వదిన ఒకరోజు తన పప్పు రెండు దోసిళ్లు తీసి ఆమె చేటలో పోసింది. ముసలామె తిరిగి ఆమె చేటలోకే పోసేసింది. "నీది నాకొద్దులే అమ్మీ. నా చేతులింకా పడిపోలేదు" అంది.

మరుసటి ఏడు ఆఫీసరు మళ్లీ వచ్చాడు. షావుకారు మళ్లీ పళ్లెం తెచ్చాడు. మా వదిన కూర్చుంది. నిదానంగా ఒలవాలని ముందే అనుకుంది, నాతో చెప్పింది కూడా. కానీ గడియారం చూసేసరికి ఆ పాడు చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. చటుక్కున చేట పక్కకు తోసి లేచింది.

"సారూ, పోయినేడు నేను పందెమని ఒలిచినా. పొద్దంతా అట్ల ఏ ఆడదీ ఒలవలేదు. నన్ను చూసి ధర కట్టొద్దండి."

"మరి ఎవరిని చూడమంటావమ్మా?" అన్నాడాయన. మంచివాడే పాపం.

మా వదిన చెయ్యెత్తి గోడవైపు చూపించింది. "ఆ తిరుపాలమ్మను నా పక్కన కూచోబెట్టండి. ఇద్దరిదీ చూడండి."

ముసలామెను షెడ్డు నడుమకు తెచ్చి మా వదిన పక్కన కూర్చోబెట్టారు. అందరూ చుట్టూ చేరారు. కాయ పట్టుకుంటే జారిపోయింది. వేళ్లు మూసుకోక పళ్లతో కొరికింది. "ఈమెతో పెట్టుకుంటే విత్తనం వచ్చే ఏడాదికే సారూ!" అని షావుకారు పకపకా నవ్వాడు. ఆమె గంటసేపు అలాగే ఒలిచింది. ఆఫీసరు ఇద్దరిదీ కలిపి సగం చేసి లెక్క కట్టాడు. ధర పెరిగింది. షెడ్డంతా సంతోషంతో గోల గోల. ఏడాదిగా మాట్లాడనివాళ్లు కూడా వచ్చి మా వదిన చెయ్యి పట్టుకున్నారు.

మరునాడు తిరుపాలమ్మ పనికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మా వదిన, నేను వాళ్లింటికి పోయాం. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది, చేతులు కొంగు కిందే ఉన్నాయి.

"పనికి రా అత్తా, ధర బాగుండాది ఇప్పుడు" అంది మా వదిన.

"బాగుండాదంట, విన్నా. మంచి పనే చేసినావు, కాదనను" అంది ముసలామె. "నిన్ను పోయినేడు ఆ షావుకారు సంగతి చెప్పకుండా కూచోబెట్టె. నువ్వు నన్ను అడగకుండా కూచోబెడితివి. ఒక్క మాట అడిగింటే నేనే లేసొచ్చి కూచుందును కదమ్మీ."