బల్ల కట్టిన నడుము

ఆ రోజు కృష్ణానగర్ సందులో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే వెనక నుంచి మా మనవరాలు స్వప్న కేకేసింది.

"నానమ్మా, జర ఆగు! నీ ఎడమకాలి చెప్పు ఏడ పడ్డది?"

చూసుకుంటే కాలు వట్టిది. చెప్పు కూరగాయల కొట్టు ముందరే ఉండిపోయింది. ఎండాకాలం, నేల కాలుతోంది. అయినా నాకు తెలియలేదు. "పాత చెప్పు, వదులైంది తియ్" అన్నాను. స్వప్న నా పాదం వంక చూసి, చెప్పు తేవడానికి వెనక్కి పోయింది.

నేను సినిమావాళ్ల డ్రెస్సులు ఇస్త్రీ చేస్తాను. నేల మీద దుప్పటి పరిచి, ముందుకు వంగి చేసే పని. కొంతకాలంగా నడుము నొప్పి. మా అత్తకు ముసలితనంలో గూని వచ్చి, చివరిదాకా నేలనే చూస్తూ నడిచింది. నాకూ అదే భయం. నడుము వంగకుండా ఉంటే చాలనుకున్నాను. షూటింగులో ఫైటర్లు తాళ్లకు వేలాడి ఎగరడానికి కట్టుకునే వెడల్పాటి బెల్టును డ్రెస్సులు చూసే కాస్ట్యూమర్ వెంకటరావు పారేయబోతే అడిగి తెచ్చుకున్నాను. విప్పేసిన సెట్టులోని ప్లైవుడ్ ముక్కను నడుముకు ఆనించి, పైన ఆ బెల్టు బిగించాను. ఊరికే దొరికేది ఉండగా మందుల షాపుకు ఎందుకు పోవాలి?

"మామ్మగారూ, సేనాధిపతిలా ఉన్నారండీ. కత్తి కూడా ఇమ్మంటారా?" అన్నాడు వెంకటరావు.

"కత్తి నువ్వే ఉంచుకో. ఇస్త్రీ బట్టల మీద చాయ్ ఒలకబోసినోన్ని నరుకుదువు" అన్నాను.

నొప్పి తగ్గింది. అదే నన్ను ముంచింది. నొప్పి లేదు కదా అని పెద్ద పెద్ద మూటలు ఎత్తాను. స్నానానికి తప్ప బెల్టు విప్పలేదు. తర్వాత బొటనవేలు తిమ్మిరెక్కింది. ఆ తిమ్మిరి పాదం మీదికి, పిక్కలోకి పాకింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతే చెప్పు జారింది.

మరునాడు స్వప్న హైటెక్ సిటీలో తన ఆఫీసుకు సెలవు పెట్టి, నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టారు. నా వెన్నెముక కర్రలా తిన్నగా ఉంది.

"చూసినవా, జర గూడ వంగలే" అన్నాను స్వప్నతో.

డాక్టరమ్మ నవ్వలేదు. "అదేనమ్మా నా భయం. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంపు ఉండాలి. ఆ వంపులే స్ప్రింగులా బరువు పంచుకుంటాయి. మీకు నడుము దగ్గరి ఆ వంపు, లంబార్ కర్వ్, పోయింది. బరువంతా ఎముకల మధ్య మెత్తల్లాంటి డిస్కుల మీద పడుతోంది. బెల్టుతో నొప్పిని దాచారు, కండరాలను పని మాన్పించారు."

కాలివేళ్లు పైకెత్తమంది. కుడివి లేచాయి. ఎడమవి లేవలేదు. లెమ్మని మనసులో గద్దించాను. ఆ పాదం నాది కానట్టే పడి ఉంది.

"ఫుట్ డ్రాప్, అంటే పాదం పైకి లేవకపోవడం. ఎమ్మారై ఇవాళే తీయాలి" అంది. "ఒంటికి, రెంటికి వచ్చేది తెలుస్తోందా? అది తెలియకుండా పోతే గంట కూడా ఆగకూడదు."

తెలుస్తోందన్నాను. ఎమ్మారై చూసి, డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ చేశారు. "నరం మళ్లీ పని చేస్తుందని మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చాక చేతికర్ర లేకుండా స్నానాలగదికి పోబోయి, వేళ్లు గడపకు తగిలి బోర్లా పడ్డాను. అక్కడే పడి ఉండి, ఇక ఒకరి చేతుల మీదే బతుకు అనుకున్నాను.

ఫిజియోథెరపీ చాలా కాలం సాగింది. మడిచిన తువ్వాలు నడుము కింద పెట్టుకుని పడుకోవడం, పాదం ఎత్తడం. ఒకనాటికి బొటనవేలు కదిలింది. ఇప్పుడు ఎత్తు బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తున్నాను. ఎడమపాదం ఇంకా టప్పున నేలకు తగులుతూనే ఉంటుంది. ప్లైవుడ్ ముక్కను పారేయలేదు. ఇటుకల మీద వేసి, స్వప్న కంప్యూటరును కళ్ల ఎత్తుకు వచ్చేలా దానిపైకి ఎత్తాను. అయినా ఆ పిల్ల కొంగలా మెడ ముందుకు చాచే కూర్చుంటుంది.

నిన్న స్వప్న చేతిలోంచి ఖాళీ గ్లాసు జారిపడింది.

"తడి చెయ్యి నానమ్మా" అంది.

గ్లాసు తీసి చూశాను. పొడిగా ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను. అదీ పొడిగానే ఉంది.

"చెప్పులేసుకో, నీ మెడ చూపియ్యను డాక్టరమ్మ తాన పోదాం" అన్నాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తెలియకుండా చెప్పు జారినా, గ్లాసు జారినా, ఆ వస్తువు మీద తప్పు పెట్టకండి. ఆ రోజే చూపించుకోండి.