నిలబడి చేసిన ధ్యానం

ధ్యానం మంచిదేనా అని ఎవరైనా అడిగితే మంచిదేనంటాను. నాకు మేలే చేసింది. కాకపోతే ఆ మాట అనేటప్పుడు గొంతులో కారం దాచుకోవడం నావల్ల కాదు. నేను ధ్యానం నేర్చుకున్నది ఏ ఆశ్రమంలోనో కాదు, విజయవాడలో ఒక చీరల కొట్లో, పట్టుచీరల కౌంటర్ల మధ్య.

తొంభైల్లో నేను పనిలో చేరినప్పుడు అది వన్‌టౌన్‌లో ఇరుకు సందులో ఉండే పాత కొట్టు. గోడ నుంచి గోడ దాకా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలి. కొనేవాళ్ళూ కింద కూర్చునేవాళ్ళు, అమ్మే మేమూ కూర్చునేవాళ్ళం, గల్లాపెట్టె ముందు యజమాని పెద్దాయనా కూర్చునేవాడు. కంకిపాడు నుంచి పెళ్ళిబట్టలకని ఇంటిల్లిపాదీ వచ్చి చుట్టూ కూర్చుంటే, మధ్యలో చీర మీద చీర విప్పి పరిచేవాళ్ళం. కాళ్ళు తిమ్మిరెక్కితే చాపుకునేవాళ్ళం, మోకాలు పట్టేస్తే అటు తిరిగి కూర్చునేవాళ్ళం. అదొక సుఖమని అప్పట్లో ఎవరికి తెలుసు? పెద్దాయనది నోటిదురుసు, నాది అంతకు రెండింతలు. రోజూ ఆయనతో ఏదో ఒక గొడవ పెట్టుకునేదాన్ని.

ఆ కొట్లో నాకు పని నేర్పింది ఆపా. వన్‌టౌన్‌లోనే పుట్టి పెరిగిన ముస్లిం మనిషి, వయసులో నాకన్నా చాలా పెద్ద. మతంతో పనిలేకుండా కొట్లో అందరం ఆమెను ఆపా అనే, అంటే అక్కా అనే పిలిచేవాళ్ళం. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ ఉద్యోగం మీదే సాకింది. మంగళగిరి చీరను చేతిలోకి తీసుకుని ఒక్క విసురు విసిరిందంటే పమిట వెళ్ళి కొనేవాళ్ళ ఒళ్ళో పడేది. నేను కస్టమర్ల మీద కస్సుమన్నప్పుడల్లా ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కేది. అంతటితో నోరు మూసుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక పెద్దాయన పోయాడు. వ్యాపారం కొడుకు చేతికి వచ్చింది. ఆయన మెయిన్‌రోడ్డు మీద నాలుగంతస్తుల షోరూమ్ కట్టించాడు. అద్దాలు, ఏసీ, లిఫ్టు, కొనేవాళ్ళకు మెత్తటి సోఫాలు. మాకు గాజు కౌంటర్లు, వాటి వెనక నిలబడటానికి జానెడు చోటు. పరుపులు ఏ చెత్తలో పారేశారో తెలియదు. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళను అగౌరవపరిచినట్టని కొడుకుగారు కొత్త రూలు పెట్టారు. మధ్యాహ్నం పూట పురుగు కూడా లేని వేళల్లోనూ నిలబడే ఉండాలి. ఊరికే ఉండకూడదు కాబట్టి మడతపెట్టిన చీరల్నే విప్పి మళ్ళీ మడతపెట్టాలి. కెమెరా ఉంది, కింద ఆఫీసులో ఆయన కుర్చీలో దిగబడి కూర్చుని అదంతా చూస్తుంటారు. మేం కూర్చోవాలంటే బాత్‌రూమ్‌కి వెళ్ళి కమోడ్ మూత వేసుకుని దాని మీద కూర్చోవడమే. అందులోనూ బయట ఇంకొకతె తలుపు కొడుతూ ఉండేది, ఆమెకూ కాళ్ళున్నాయి మరి.

ఏడాది తిరిగేసరికి ఆపా పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నీలంగా పైకి తేలాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఒకరోజు నేనే బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన మెత్తగానే చెప్పాడు. “ఇట్టా రోజంతా నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు నరం పగిలిద్దమ్మా. పుండు పడితే మానటం కష్టం. కూర్చుని చేసే పని చూసుకోండి.” చిన్నకూతురు ఇంకా చదువుకుంటోంది. చీరలు చూపించడం తప్ప ఆమెకు చేతనైన పని ఇంకోటి లేదు. నిలబడితే కాలు పోతుంది, మానేస్తే పొయ్యి ఆరిపోతుంది, అంతే కథ.

ఆ రోజుల్లోనే కొడుకుగారికి ధ్యానం మీద మోజు పుట్టింది. ఎక్కడో ఒక పెద్ద హోటల్లో వ్యాపారస్తులకు క్లాసు పెడితే వెళ్ళొచ్చారట. స్టాఫ్ చిరాకు పడుతున్నారని, మొహంలో నవ్వు ఉండటం లేదని కస్టమర్లు చెబుతున్నారట. కాళ్ళు పీక్కుపోతుంటే నవ్వెక్కడి నుంచి వస్తుందని ఆయనను అడిగేదెవరు? హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించారు. ఆయన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు, నెమ్మదైన మనిషి. రోజూ షట్టర్ తీయకముందు మమ్మల్ని మూడో అంతస్తులో జంపఖానా మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టేవాడు.

“కళ్ళు మూసుకోండి. గాలి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది. ఊరికే గమనించండి. కోపం వస్తే కోపం వచ్చిందని గమనించండి. నొప్పి ఉంటే నొప్పి ఉందని గమనించండి. దాంతో గొడవ పడకండి.”

మొదట్లో ఇదేం పిచ్చి అనుకున్నాను. కానీ ఉన్నమాట ఒప్పుకోవాలి. నెల తిరగకముందే నాలో తేడా కనిపించింది. ఇరవై చీరలు విప్పించి ఒక్కటీ నచ్చలేదని లేచిపోయే మనుషుల మీద ఇదివరకైతే ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు మంట మొదలవుతుండగానే తెలిసిపోతోంది, తెలిసినప్పుడు మాట నోటి దాకా రాకుండా ఆగుతోంది. ఇంట్లో మా ఆయన మీద అరవడం తగ్గింది. అన్నం తింటుంటే అన్నం రుచి తెలిసింది, అదీ చాలా ఏళ్ళ తర్వాత. అత్తగారు కూడా గమనించి, “ఏమే, ఒంట్లో బాగాలేదా, నోరు లేవట్లేదు” అని అడిగింది.

కొట్లో పనిచేసే ఆడపిల్లలందరికీ ఆ క్లాసంటే ప్రాణం. ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. శిక్షకుడు మురిసిపోయాడు, కొడుకుగారు ఇంకా మురిసిపోయారు. ఒకరోజు క్లాసు చివర ఆయన కూడా వచ్చి నిలబడ్డారు. ధ్యానంవల్ల ఏం లాభం కలిగిందో ఒక్కొక్కరూ చెప్పమన్నాడు శిక్షకుడు. మనశ్శాంతి అంది ఒకతె. ఏకాగ్రత అంది ఇంకొకతె. ఒళ్ళు దూదిలా తేలికైందని నలుగురైదుగురు అన్నారు. ఆపా వంతు వచ్చింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

“కూర్చోటం బాగుందండీ” అంది.

అందరం పక్కున నవ్వాం. నవ్వుతూనే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒళ్ళు తేలికైంది ధ్యానంవల్లేనని ఇన్నాళ్ళూ నిజంగానే నమ్ముతున్నాం. పొద్దుట్నించి రాత్రి దాకా పిరుదులు నేలకు ఆనేది ఆ కాసేపే కదా అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నవ్వులు ఆగాక ఆపా ఇంకో మాట కూడా అంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలా మర్యాదగా.

“కస్టమర్లు లేనప్పుడు ఆనుకోటానికి ఒక స్టూలు వేయించండి సార్. వచ్చినప్పుడు లేస్తాం గదా.”

కొడుకుగారు చిరునవ్వు నవ్వి, చూద్దాంలే ఆపా అన్నారు. ఏం చూశారో వారం తిరిగేసరికి మాకూ కనిపించింది. జంపఖానా ఎత్తేశారు. కూర్చుని చేస్తే నిద్ర వస్తోందట. ఇకనుంచి ధ్యానం నిలబడే చేయాలట, ఎవరి కౌంటర్ వెనక వాళ్ళు. శిక్షకుడు మా మొహాల్లోకి చూడకుండా, నిలబడి చేసే ధ్యానం కూడా ఉందని, చాలా గొప్పదని చెప్పాడు. “మీ పాదాల మీద మనసు పెట్టండి. నేల మిమ్మల్ని మోస్తోంది, గమనించండి” అన్నాడు. కళ్ళు మూసుకుని ఆయన్ను తిట్టుకున్నాను. కోపం వచ్చిందని గమనించాను కూడా. గమనించినంత మాత్రాన అది పోలేదు, పోకపోవడమే నయం.

ఆపా మాత్రం నిజంగా నేర్చుకుంది. మా అందరిలోకీ ఆ విద్య బాగా పట్టుబడింది ఆమెకే. నేను ఆపుకోలేక, “ఎట్టా ఉంది ఆపా కాలు?” అని అడిగితే, “ఉంది నొప్పి. అదుంది, నేనున్నా. దాన్ని చూస్తా ఉంటే కాసేపటికి దూరంగా పోయిద్ది” అనేది. ఇదివరకు నొప్పి ఎక్కువైతే రెండు రోజులు సెలవు పెట్టేది, లేకపోతే బాత్‌రూమ్‌కి వెళ్ళి కూర్చునేది. ఆ రెండూ మానేసింది. నొప్పిని ఓర్చుకునే ఉపాయం దొరికిందని ఆమె సంతోషం. నేను మాత్రం, పోయి కాసేపు కూర్చో ఆపా అని పోరుతూనే ఉండేదాన్ని.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఆపా పట్టుచీరలు చూపిస్తోంది. నేను పక్క కౌంటర్లో ఉన్నాను. కొనడానికి వచ్చినామె ఒక్కసారిగా వెనక్కి జరిగి, “ఏమండీ, మీ కాళ్ళ దగ్గర” అంది. తెల్లటి పలకల మీద నెత్తురు. చీలమండ పైన నరం పగిలి ధారగా కారుతోంది, చెప్పు నిండిపోయింది. ఆపా కిందకు చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు. విప్పి ఉన్న చీరను తనవైపు లాక్కుని, అంచులు కలిపి, మడత మీద మడత వేసి, నెత్తురు తగలకుండా పై అరలో పెట్టింది. ఆ తర్వాత కౌంటర్ పట్టుకుని ఒరిగిపోయింది. నేను వెళ్ళి నా చున్నీ చింపి కాలికి చుట్టి, కాలు నా భుజం మీద పెట్టుకుని ఆటో కోసం అరిచాను. ఆ రోజు కోపాన్ని ఏమీ గమనించలేదు నేను.

ప్రాణం దక్కింది, పుండు మాత్రం మిగిలిపోయింది. నిలబడే పని ఇక ఆమె జన్మలో చేయకూడదని డాక్టర్లు చెప్పేశారు. నేను ఆఫీసులోకి వెళ్ళి, ప్యాకింగ్ దగ్గర ఒక స్టూలు వేసి ఆపాను కూర్చోబెట్టమని అడిగాను. బతిమాలాను కూడా, నాకు అలవాటు లేని పని అది. “ఆమె మీద నాకు గౌరవం లేకా అమ్మా? ఒకరికి వేస్తే రేపు అందరూ అడుగుతారు” అన్నారు కొడుకుగారు, కుర్చీలో వెనక్కి వాలి.

మర్నాడు పొద్దున ధ్యానానికి ఆయనే స్వయంగా వచ్చారు. మమ్మల్నందరినీ కళ్ళు మూసుకోమన్నాక, నెమ్మదిగా మాట్లాడారు. “ఆపాని ఆదర్శంగా తీసుకోండి. అంత నెత్తురు పోతున్నా ఒక్క కేక వేయలేదు. కస్టమర్ని కంగారు పెట్టలేదు. చీర మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. ధ్యానం అంటే అదీ.” శిక్షకుడు వెనక నుంచి తన మామూలు గొంతుతో, పాదాల మీద మనసు పెట్టమన్నాడు.

పెట్టాను. నా పాదాలు మండుతున్నాయి. కళ్ళు తెరిచి, కౌంటర్ వెనక నుంచి ఇవతలకు వచ్చి, కస్టమర్ల సోఫా కూడా కాదు, అందరి మధ్యలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మిగతావాళ్ళూ కూర్చుంటారనే అనుకున్నాను. శిక్షకుడు చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. కొడుకుగారు సైగ చేస్తే సూపర్‌వైజర్ వచ్చి నా రెక్క పట్టుకుని లేపాడు. చప్పుడు లేకుండా మెట్ల మీదుగా కిందకు దించి బయటికి పంపేశారు. ఉద్యోగం అక్కడితో సరి.

నేరుగా ఆపా ఇంటికి వెళ్ళాను. మంచం మీద, కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని ఉంది. జరిగిందంతా చెప్పాను. శాంతంగా వింది. విన్నాక ఒక్కటే అడిగింది.

“నిన్ను చూసి పిల్లలెవరైనా కూర్చున్నారా?”

“లేదు ఆపా. ఎవరూ చూళ్ళేదు. కళ్ళు తెరవమనలేదుగా, నన్ను కిందకు దించే దాకా ఒక్కరూ తెరవలేదు.”

ఆపా తన కట్టు వైపు చూసుకుంది. “బాగా నేర్చుకున్నారు” అంది.