చీర చుట్టిన కంప్యూటర్

ఇవాళ నాకు ఒళ్లు మండిపోయింది.

లింబాయత్‌లోని ఓ మగ్గాల కార్ఖానాలో చీరల డిజైన్లు గీసే కంప్యూటర్‌కి లినక్స్ వేసిచ్చింది నేనే. పది రోజులుగా అది పని మధ్యలో దానంతటదే ఆగిపోతోంది. అది తనంతట రాసుకునే లాగ్ చూస్తే, వేడి వంద డిగ్రీలు దాటిందని ఉంటుంది. నేను వెళ్లి చూస్తే నలభై ఐదే! వేడి కొలిచే సెన్సరే తప్పు చెబుతోందనుకున్నాను. ఫ్యాన్ మార్చాను, లినక్స్ మళ్లీ వేశాను. అయినా ఆగిపోతూనే ఉంది. నిన్న కార్ఖానా యజమాని సేఠ్ అందరి ముందూ నన్ను కడిగేశాడు.

ఇవాళ ఫోన్ చేయకుండా వెళ్లాను. సీపీయూ డబ్బాకి పాలిస్టర్ చీర మూడు చుట్లు చుట్టి ఉంది!

"ఎవడు చుట్టాడిది?" అని అరిచాను.

డిజైన్లు గీసే మల్లేశం లేచి నిలబడ్డాడు. "నేనే సార్. మీరొస్తున్నరని ఫోనొస్తే, డబ్బా విప్పుతరని తీసి మడతపెడ్త. ఇయ్యాల చెప్పకుంట వస్తిరి."

"బుద్ధుందా? ఎందుకు చుట్టావు?"

"మగ్గాల దుమ్ము ఒక్క రవ్వ గూడ లోపలికి పోవద్దని మీరే అంటిరి గద సార్!"

అన్నాను. వేలు చూపించి మరీ అన్నాను.

సెన్సర్ నిజమే చెప్పిందని సేఠ్‌కి చెప్పాను. "మరి తప్పెవరిది?" అన్నాడు. మీరైతే ఏం చెప్పేవారు?