గొర్రె చెవి, నా జేబులో చాకు

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు ఏడ్చింది మా అమ్మ ఒక్కతే. లెక్కల సారు మాత్రం ఆ సాయంత్రం గుళ్లో కొబ్బరికాయ కొట్టాడని మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధమని నేను అనను. నా లెక్కలు దిద్దినవాడు ఎవడైనా కొడతాడు. కాయ దొరక్కపోతే నన్ను.

చదువుకున్నవాళ్ల జేబులో పెన్ను ఉంటుంది, నా జేబులో చాకు ఉంటుంది. పెన్ను పెట్టుకున్న పెద్దమనుషులను చూస్తూనే ఉంటాను. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి అది రాయదు, పక్కవాడిని అడుక్కుంటారు. నా చాకు ఎప్పుడూ అట్లా పరువు తీయలేదు. పొద్దున వేపపుల్ల చెక్కడంతో దాని డ్యూటీ మొదలవుతుంది. నాది ట్రాలీ ఆటో. సూర్యాపేట నుంచి కోదాడకు, మిర్యాలగూడకు ఏ లోడు దొరికితే అది వేసుకుని తిరుగుతాను. తాడు ముడిపడితే చాకు, బస్తా కుట్టు విప్పాలంటే చాకు, అరికాల్లో తుమ్మముల్లు దిగితే చాకు, దారిలో పచ్చి మామిడికాయ దొరికితే ఇగ చెప్పేదేముంది. ఒకసారి చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ జేబు తడిమి, ఇదెందుకురా అని అడిగాడు. మామిడికాయలు కోసుకోవడానికి సార్ అన్నాను. మరి కాయలేవి అన్నాడు. ఉన్న రెండూ కోసి, ఉప్పుకారం అద్ది ఇస్తే గానీ బండి కదలనివ్వలేదు.

అది మడత చాకు, నా మధ్యవేలంత ఉంటుంది. సూర్యాపేటలో పాత ఇనుప సామాన్ల దుకాణాల వెనక ఒక కమ్మరి కొలిమి ఉంది. లారీ కమాను పట్టీ ముక్క ఒకటి తీసుకుపోయి ఇస్తే కాల్చి, సాగగొట్టి, బర్రెకొమ్ము పిడిలో బిగించి ఇచ్చాడు. బజార్లో దొరికే మెరుపు చాకుల్లాగా ఠక్కున తెరుచుకోదు. బద్ధకంగా, గొణుక్కుంటున్నట్టు బయటికి వస్తుంది. వచ్చాక మాత్రం పని ముగించే లోపలికి పోతుంది. ఇంటి తాళాలు మరిచిపోతే నా భార్య తిడుతుంది. చాకు మరిచిపోతే నన్ను నేనే తిట్టుకుని సగం దారిలోంచి బండి తిప్పుకొస్తాను.

నేను అన్నింటి మీదా జోకులు వేస్తాను. చాకు విషయంలో అమ్మ పెట్టిన ఒక్క నియమం మీద మాత్రం వేయను. చాకును ఎవరి చేతికీ ఇవ్వకూడదు. చేతికి చేయి ఇస్తే ఆ ఇద్దరి మధ్య తెగుతుందంటారు. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. పనయ్యాక వాళ్లూ అట్లాగే పెట్టాలి. గొర్లు కాసే మా కుటుంబాలన్నింటిలో ఇదే పద్ధతి. పోయిన ఎండాకాలం ఈ పద్ధతే మా అక్క ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

అక్కాబావలది చివ్వెంల దగ్గరి పల్లె. గొర్లే వాళ్ల బతుకు. ఎండలు ముదిరితే అటువైపు మేత ఉండదు. వరికోతలైన పొలాలు వెతుక్కుంటూ మిర్యాలగూడ ఆయకట్టు వైపు మందను తోలుకుపోతారు. రాత్రి ఒక రైతు మడిలో మందను ఆపుతారు. ఎరువు పడుతుందని రైతు పిలిచి మరీ ఆపించుకుంటాడు, తిండిగింజలు ఇస్తాడు. కానీ బావ మంద చిన్నది. చిన్న మందను ఏ రైతూ పిలవడు. అందుకని కోదాడ వైపు ఒకాయన పెద్ద మందతో బావ పొత్తు కలిశాడు. ఆ పొత్తు తెగితే నడి ఎండాకాలంలో గొర్లను కటికవాళ్లకు అమ్ముకోవడం తప్ప అక్కాబావలకు ఇంకో దారి లేదు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. పొత్తాయనకు ఇంకా బాగా తెలుసు.

రెండు మందలు కలిసి తిరిగినా గొర్లు కలిసిపోవు, చెవులు చూస్తే తెలుస్తుంది. పొత్తాయన గొర్లకు కుడి చెవి కొనలో చీలిక ఉంటుంది. బావ గొర్లకు కుడి చెవి కొన అడ్డంగా కోసి ఉంటుంది. పిల్లప్పుడే కోసి, రక్తం ఆగడానికి పొయ్యిలో బూడిద అద్దుతారు. ఆ గుర్తే దాని పట్టా పాసుపుస్తకం.

ఆ సాయంత్రం నేను నీళ్ల డ్రమ్ములు, దాణా బస్తాలు తీసుకుని మంద దగ్గరికి పోయాను. వెనక టైరు నట్టు ఒకటి బిగుసుకుపోతే బండి కింద దూరి దాంతో కుస్తీ పడుతున్నాను. మంద దడిలోకి చేరే వేళ, గొర్లూ పిల్లలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ చెవులు పగిలేలా అరుస్తున్నాయి. ఆ అరుపుల్లో ఒక ఆడగొంతు చాకు అడిగింది. గాజులు గలగలమన్నాయి. నా కళ్లు నట్టు మీదే ఉన్నాయి. చాకు తీసి, చెయ్యి వెనక్కి చాపి నేల మీద పెట్టాను. తీసుకున్నది ఎవరో తిరిగి చూడలేదు. పొద్దున లేచేసరికి చాకు బండి మెట్టు మీద ఉంది. జేబులో వేసుకున్నాను.

ఆ రాత్రి పొత్తాయన తర్వాతి మడి మాట్లాడటానికి ఊళ్లోకి పోయి రైతు ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయన తిరిగి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఆయన భార్య అప్పటికే మొదటి బస్సుకు కోదాడ పోయింది. ఆయన దడిలోకి దిగి గొర్ల మధ్య తిరుగుతూ పిల్లలు ఈనే ఒక ఈత గొర్రె దగ్గర ఆగాడు. వంగి దాని చెవి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని బయటికి నడిపించుకొచ్చి మా ముందర నిలబెట్టాడు.

కుడి చెవి కొన అడ్డంగా కోసి ఉంది. కోత పచ్చిగా ఉంది, దాని మీద బూడిద అంటుకుని ఉంది. పొత్తాయన గుర్తు ఉండాల్సిన చోట బావ గుర్తు ఉంది.

ఆయన అరవలేదు. అరిస్తే నాకు కొంచెం ధైర్యం వచ్చేది.

“ఇది నా గొర్రె. నిన్న పొద్దున దీని చెవికి చీలిక ఉంది. ఎవరు కోశారు?”

కొడవలితో, గొడ్డలితో చెవి అంత సాఫుగా తెగదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. చెబుతూ నా జేబు వైపు చూశాడు. నేను ఊరుకుంటే బాగుండేది. కానీ నా నోరు నాకంటే ముందు లేస్తుంది. దానికి వినబడక డాక్టరు ఆపరేషన్ చేసుంటాడు అన్నా, అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. బావ ముఖం నల్లబడింది.

“చాకు కింద పెట్టు,” అన్నాడు పొత్తాయన.

గట్టు మీద పెట్టాను. ఆయన తీసుకుని, బద్ధకంగా తెరుచుకునే ఆ చాకును నాకంటే బద్ధకంగా తెరిచాడు. కోసే అలుగు శుభ్రంగానే ఉంది. అలుగు పిడిలోకి దిగే సందులో మాత్రం ఎండిన రక్తం నల్లగా కనబడింది. దాన్ని గోటితో గీకి, గోరు మాకు చూపించాడు.

నేను కోయలేదని నాకు తెలుసు. కానీ నిన్న సాయంత్రం విన్న గాజుల చప్పుడు మళ్లీ చెవిలో మోగింది. మంద దగ్గర ఉన్న ఆడవాళ్లు ఇద్దరే. ఒకరు పొత్తాయన భార్య. తన గొర్రె చెవి తానే కోసి మాకు ఇచ్చుకోవాల్సిన కర్మ ఆమెకేం పట్టింది? రెండోది మా అక్క. ఆ ఏడాది రోగమొచ్చి బావ మందలో ఈత గొర్లు పోయాయి. అక్క వాటి కోసం కడుపు కోసుకున్నట్టు ఏడ్చింది. ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని, తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. తల ఎత్తలేదు.

పొత్తాయన భార్యకు ఫోన్ చేశాడు. రింగు నా బండిలోంచి వినిపించింది. ఛార్జింగ్ కోసం బ్యాటరీకి పెట్టి ఫోను మరిచిపోయి పోయింది. అది మోగుతున్నంతసేపూ మేమంతా బండి వైపే చూస్తూ నిలబడ్డాం. ఆగిపోయాక గొర్రె ఒక్కటే అరిచింది.

“అడిగేది ఒక్కసారే. ఆడవాళ్లను కూడా పిలిచి అడగమంటారా?” అన్నాడు.

అక్క చేతిలో గిన్నె ఆగింది. నాకు ఇంకేం తోచలేదు.

“నేనే కోసిన అన్నా.”

“ఎందుకు?”

ఆశ పుట్టింది అన్నాను. బావ నా దగ్గరికి వచ్చి, పొత్తాయనకు వినబడనంత చిన్నగా, “నువ్వేనా బామ్మర్దీ?” అన్నాడు. నేను ఆయన ముఖం చూడలేదు. ఆయన గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

కొడతాడనుకున్నాను. పొత్తాయన చెయ్యి కూడా ఎత్తలేదు. మందలు విడదీద్దాం అని మాత్రం అన్నాడు. దడిని ఒక మూల కొంచెం తెరిచి అటు ఆయన, ఇటు బావ నిలబడ్డారు. గొర్లను ఒక్కొక్కటిగా వదులుతున్నారు. ప్రతిదాని చెవి ఆయన వేళ్లతో తడిమి చూస్తున్నాడు. చీలిక ఉంటే ఎడమకు, కోత ఉంటే కుడికి. నెలల తరబడి కలిసి మేసిన గొర్లు విడిపోవడానికి ఒప్పుకోవు. ఎడమకు పంపింది కుడికి ఉరుకుతుంది, తల్లి అటుంటే పిల్ల ఇటుంటుంది. బావ వాటిని పట్టి తెస్తున్నాడు. నేను సాయం పోతే చేత్తో వద్దన్నాడు. ఆ వద్దన్న చెయ్యి నాకు దెబ్బకంటే గట్టిగా తగిలింది. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మిర్యాలగూడ కటికవాళ్లు ధర ఎంత కిందికి దింపుతారోనని ఆమె అప్పుడే ఆలోచిస్తోందని నాకు తెలుసు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి రెండు మందలు రెండు మడుల్లో ఉన్నాయి. మధ్యలో గుంజకు కట్టిన ఆ ఒక్క గొర్రె మిగిలింది. పొత్తాయన దాని తాడు విప్పి బావ వైపు విసిరాడు.

“దీన్ని మీరే ఉంచుకోండి. మీ గుర్తే ఉంది కదా.”

బావ తాడు అందుకోలేదు. తాడు మట్టిలో పడింది. గొర్రె ఎటూ పోలేదు.

అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది. పొత్తాయన భార్య దిగి, సంచి చంకన పెట్టుకుని గట్టు మీదుగా వస్తోంది. విడివిడిగా ఉన్న మందలను చూసింది గానీ ఆగలేదు. నేరుగా గొర్రె దగ్గరికి వచ్చి, చెవి మడిచి లోపలికి చూసి, సంచిలోంచి మందు సీసా తీసింది.

“హమ్మయ్య, పురుగు లేదు,” అని గొర్రెతోనే చెప్పింది. తర్వాత తల ఎత్తి, “దీన్ని ఇట్లా ఎండలో ఎవరు నిలబెట్టారు?” అంది.

చెవి ఎవరు కోశారని ఆమె మొగుడు అడిగాడు.

“నేనే. కొనంతా పుండై పురుగు పట్టింది. పొద్దున దాకా ఆగితే తలకెక్కేది. ఈ అబ్బాయి చాకు తీసుకుని కుళ్లింది కోసి పారేశా. పసుపు లేదు, బూడిద అద్దా. మందు కోసమేగా కోదాడ పోయింది. నువ్వేమో రాత్రి రాకపోతివి, ఫోనేమో బండిలో మరిచిపోతిని.” చీలిక కూడా ఆ కుళ్లిన కొనలోనే పోయిందన్న సంగతి ఆమెకు తోచనే లేదు. చీకటి పడుతుంటే ఆమె చూసింది పురుగును, గుర్తును కాదు.

పొత్తాయన నా వైపు తిరిగాడు. “మరి నువ్వెందుకు కోశానన్నావు?”

నా కళ్లు ఒక్కసారి అక్క వైపు పోయాయి. ఆయన ఇంకేం అడగలేదు. తప్పైందనీ అనలేదు. నడుచుకుంటూ పోయి తన మంద ముందర నిలబడి, నాలుక మడిచి ఒక కేక వేసి, అన్నింటినీ బావ మంద వైపు తోలాడు. గొర్లు ఎగబడి కలిసిపోయాయి. బావ మట్టిలో పడ్డ తాడు తీసి, దులిపి, పొత్తాయన భుజం మీద వేశాడు.

సాయంత్రం బండి స్టార్ట్ చేసే ముందు అక్క చెంబుతో అంబలి తెచ్చింది. నేను తాగుతుంటే పక్కనే నిలబడింది. ఎవరి కోసం మీదేసుకున్నవ్ అని అడిగింది. గాజుల చప్పుడు విన్నాననీ, అది నువ్వే అనుకున్నాననీ చెప్పాను. అక్క నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“నేను దొంగతనం జేసేదాన్నయితే చెవి కోసి ఊకుంటనా తమ్మీ? కూరొండి మొదలు నీకే పెడుదు. ఇగ సాక్ష్యానికి బొక్క గూడ మిగలకపోవు.”