నీ పాటేంది బిడ్డా?

మొన్న శనివారం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడి మా ఆటో ఆగింది. పక్కనే బంతిపూల దండలు వేసిన శవాల వ్యాన్. లోపలి నుంచి హార్మోనియం, తాళాలు, వాటితో పాటు బొంగురుపోయిన నాలుగైదు గొంతులు వినిపించాయి. ఆటో డ్రైవర్ తన ఫోన్‌లో పాట కట్టేసి తల వంచుకున్నాడు. నేను సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. పాటంటే హాయి అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పడం కష్టం. నాకు పాటంటే ముందు భయం, తర్వాతే ఇష్టం. ఆ రెండూ నాకు దేవదానం సార్ దగ్గరే వచ్చాయి.

సార్ సంతోష్‌నగర్‌లో మా చర్చి పాటల బృందానికి పెద్ద. ఉద్యోగం మాత్రం నీళ్ల వాల్వులు తిప్పడం. మనిషంత పొడుగు ఇనప రాడ్డు సైకిల్‌కు కట్టుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిరిగేవారు. గాజుల దుకాణాల వాళ్లు "పానీ కబ్ ఛోడ్తే దేవదానం భాయ్?" అని నీళ్లెప్పుడు వదులుతారో కేకేసి అడిగితే, "ఆరా భాయ్, ఆరా" అంటూ వాల్వు దగ్గర వంగి, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ రాడ్డు తిప్పేవారు. ఆదివారం వచ్చేసరికి ఆ చేతులే హార్మోనియం మీద మెత్తగా కదిలేవి. కోపం లేని మనిషి. అయినా పిల్లలం ఆయన్ని చూస్తే హడలిపోయేవాళ్లం.

కారణం ఆయన పెట్టుకున్న ఒక పద్ధతి. చర్చికి వచ్చే ప్రతి మనిషినీ ఎప్పుడో ఒకప్పుడు పక్కకు పిలిచి "నీ పాటేంది?" అని అడిగేవారు. చెప్పింది మనసులో పెట్టుకునేవారు. ఆ మనిషి పోయిన రోజు శవపెట్టె మూసే ముందు బృందం చేత అదే పాట పాడించేవారు. పెద్దవాళ్లకు అది గొప్ప ఆదరణ. మాకు మాత్రం వేరేలా అర్థమైంది. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మరియమ్మవ్వ నవ్వుతూ తన పాట చెప్పింది. వానలు పడకముందే ఆ పాట మేం ఆమె గుమ్మంలో నిలబడి పాడాం. ఆ తర్వాత చర్చి గంట కొట్టే రాజయ్య. ఇక పిల్లలం తేల్చేసుకున్నాం, సార్ అడిగితే చావు వచ్చినట్టే. అందుకని ఒక ఉపాయం పన్నారు మావాళ్లు. సార్ అడిగినప్పుడు తమకు అస్సలు గిట్టని పాట పేరు చెప్పేవాళ్లు. చావు ఆ తప్పు పాట పట్టుకుని వెతుక్కుంటూ, ఇల్లు దొరక్క వెనక్కి పోతుందని వాళ్ల ధీమా. నాకు ఆ మాత్రం ధైర్యం కూడా లేదు. నా వంతు వస్తోందని తెలియగానే దాహమని చెప్పి పారిపోయేదాన్ని.

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ కడుపులో గడ్డ లేచింది. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కుట్టుమిషన్ ఆగిపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. మర్నాడు ఆపరేషన్ అనగా సాయంత్రం గల్లీలో సైకిల్ గంట మోగింది. కిటికీలోంచి చూశాను. వెనక క్యారియర్ మీద హార్మోనియం పెట్టె కట్టుకుని సార్ వస్తున్నారు. పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"లోపటికి రావొద్దు సార్."

"ఎందుకే బిడ్డా? అమ్మను జూసి పోత."

"మీరు అమ్మను పాట అడుగుతరు. మీరు అడిగినోళ్లంత సచ్చిపోతున్నరు."

తిడతారనుకున్నాను. ఆయన హార్మోనియం దింపి, మెట్టు మీద కూలబడ్డారు.

"నాగ్గూడ భయమేనే," అన్నారు. "మా ఇంటామె శాంతమ్మకు జరమొచ్చింది, ఉత్తగనే పోయింది. అందరికి పాటలు నేర్పెటోణ్ణి, ఆమె సమాధి కాడ నిలవడితె ఏం పాడాల్నో తెల్వలే. ఎన్నడు అడగలే గద ఆమెను. నోటికొచ్చింది పాడిన. అది ఆమెకు ఇష్టమో కాదో, గిప్పటికి తెల్వదు. గా భయానికే అందర్ని అడుగుత."

పెద్దవాళ్లు కూడా భయపడతారని నాకు ఎవరూ చెప్పలేదు. నా చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

లోపల మంచం మీద నుంచి అమ్మ గొంతు వినిపించింది. "సార్, నాది సినిమా పాట. వాన పాట. పాస్టర్ అయ్యగారు ఒప్పుకుంటరా?"

సార్ పకపకా నవ్వారు. "అయ్యగారి సంగతి నాకిడిసిపెట్టు సునంద. గని గిప్పుడే పాడుకుందాం, పా. ఇనేటోళ్లు ఇనంగనే పాడాలె."

మెట్టు మీదే హార్మోనియం తెరిచారు. ఆయన పాడుతుంటే అమ్మ లోపల సన్నగా అందుకుంది. ఎదురింటి పర్వీన్ ఆపా కూడా తలుపు తీసి నిలబడి వింది. పాట అయిపోతే అమ్మ కూడా అయిపోతుందని నా భయం. చివరి చరణం దగ్గరికి వస్తుండగా "ఇంకోసారి సార్!" అని అరిచాను. ఆయన మారు మాట్లాడకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మళ్లీ అరిచాను, మళ్లీ పాడారు. గొంతు పూర్తిగా పోయేదాకా పాడి, ఇక గాలి మాత్రమే వస్తుంటే పెట్టె మూసి నా తల నిమిరి వెళ్లిపోయారు.

అమ్మ బతికింది. ఆ వారమే నేను బృందంలో చేరాను. హార్మోనియం నేర్పింది ఆయనే. ఒక్కటే పోరు. ఏ శనివారం చూసినా "నీ పాటేంది బిడ్డా?" అనేవారు. నేను నవ్వి తప్పించుకునేదాన్ని. నవ్వు పైకే, లోపల ఆరో తరగతి భయం అలాగే ఉండేది.

రెండేళ్ల కిందట సార్ మంచాన పడ్డారు. అందరి పాటలూ తెలిసిన మనిషి పాట ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు అడగాలి. బృందంలో అందరూ నా వైపే చూశారు. ఆయన పక్కన కూర్చుని మందుల సంగతి మాట్లాడాను. పాట అడిగితే నేనే ఆయన్ని పంపించేసినట్టవుతుందని భయం. ఆయనకు అర్థమైంది.

"అడుగు. ఏం గాదు."

"మీ పాటేంది సార్?"

"శాంతమ్మకు నేను పాడిందే నాకు పాడుండ్రి. అది తప్పో ఒప్పో, పోయినంక ఆమెనే చెప్తది."

పల్లవి కూడా ఆయనే అందించారు. ఆయన పోయిన రోజు ఆ పాటే పాడాం.

ఇప్పుడు అడిగే పని నాది. అడిగిన ప్రతిసారీ ఆ పాత భయం వస్తుంది. అమ్మకు డెబ్బై దాటాయి. మిషన్ తొక్కుతూ ఎప్పుడైనా ఆ వాన పాట అందుకుంటే చేతిలో పని వదిలేసి ఆమె ముఖం చూస్తాను. ఆ పాట నేను పాడాల్సిన రోజు రాకూడదని ప్రతి ఆదివారం మోకరిస్తాను. వస్తే మాత్రం, ఏం పాడాలో తెలియక నిలబడను.